యూనివర్సిటీ చిన్న ఉద్యోగికి సంఘం ఏమిస్తుంది?



వార్షికోత్సవ సంచికలో కవితలు, జ్ఞాపకాలు, ఉద్యోగాలు సాధించిన వారి అనుభవాలు వస్తాయి. వాటి మధ్య ఈ వ్యాసం కొంచెం పొడిగా కనిపించవచ్చు. అయినా దీన్ని రాయక తప్పదనుకున్నాం. మన హాస్టల్‌లో చదివి వెళ్ళిన వాళ్ళందరూ డాక్టర్లు, ఇంజనీర్లు, గ్రూప్-వన్ ఆఫీసర్లు కాలేదు. డిగ్రీ పూర్తయినా, మధ్యలో ఆగినా, చాలామంది యూనివర్సిటీల్లో, కాలేజీల్లో అటెండర్లుగా, ల్యాబ్ సహాయకులుగా, మెస్ వంటవారుగా, వాచ్‌మన్లుగా, డ్రైవర్లుగా, మాలీలుగా, స్వీపర్లుగా కుదురుకున్నారు. మనలో కొందరి అమ్మానాన్నలు కూడా ఆ పనులే చేసి మనల్ని ఇక్కడికి పంపారు. వాళ్ళు వార్షికోత్సవానికి వస్తే వెనక వరుసలో కూర్చుని వెళ్ళిపోతారు. వాళ్ళను చూసినప్పుడల్లా మేము అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మీ దగ్గర సంఘం ఉందా? అందులో మీ పేరుందా?" చాలాసార్లు వచ్చే జవాబు, "చందా కట్టమంటున్నారు గాని, దానివల్ల మనకేమొస్తుంది?" అని. ఆ ప్రశ్నకే ఈ వ్యాసంలో జవాబు చెప్పబోతున్నాం.

సంఘం అనే మాట తెలియకముందే మన గోదావరి జిల్లాల పేటల్లో దాని పద్ధతి తెలుసు. నాట్ల కాలంలో ఆడవాళ్ళు ముఠాగా కూడి ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు. ఒక్కామె వెళ్ళి రేటు పెంచమని అడిగితే రైతు "ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్" అంటాడు. పదిహేనుమంది కలిసి గట్టు మీద నిలబడితే మాట మారుతుంది. కాలువకు నీళ్ళొచ్చాయి, నారు ముదిరిపోతోంది గనుక రైతే దిగివస్తాడు. అయితే నాట్లు అయిపోగానే ముఠా చెదిరిపోతుంది. యూనివర్సిటీ పని ముప్ఫై ఏళ్ళ పని. అందుకని అక్కడ చెదిరిపోని ముఠా కావాలి. దానికి రిజిస్ట్రేషను, రశీదు పుస్తకం, మినిట్స్ పుస్తకం కావాలి. ఈ పుస్తకాల విలువ ఎంతటిదో ముందు ముందు చెబుతాం.

ముందుగా ఈ చిన్న ఉద్యోగులు ఎవరో చూద్దాం. ఒకప్పుడు మన ప్రాంతం వారికి పెద్ద చదువంటే వాల్తేరు, అంటే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం. మన దగ్గర యూనివర్సిటీలు ఇటీవలివి. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చాయి. కాకినాడ జె.ఎన్.టి.యు. 2008లో విడి విశ్వవిద్యాలయం అయింది. ఇవి పుట్టిన కాలానికే ప్రభుత్వాలు నాలుగో తరగతి పనులను ఔట్‌సోర్సింగ్‌కు అప్పగించడం మొదలుపెట్టాయి. ఫలితంగా ఒకే వరండాలో మూడు రకాల మనుషులు కనిపిస్తారు. పూర్తి స్కేలుతో, పెన్షనుతో పాతవాళ్ళు కొద్దిమంది. రోజుకూలి మస్టరు మీద చేరి టైంస్కేలు దాకా వచ్చినవాళ్ళు మరికొందరు. మిగిలినవాళ్ళు ఏజెన్సీ మనుషులు. ముగ్గురూ ఊడ్చేది ఒకే నేల, మోసేది ఒకే ఫైలు. జీతాల్లో మాత్రం పోలిక ఉండదు.

2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఆప్కాస్ పేరుతో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఒక కార్పొరేషను పెట్టింది. ప్రైవేటు ఏజెన్సీలు కమీషన్లు కోసుకుంటున్నాయన్న ఫిర్యాదులే దానికి మూలం. ఆ ఫిర్యాదులు ఊరకే వినిపించలేదు. ఏళ్ళ తరబడి సంఘాలు ఇచ్చిన వినతిపత్రాల్లో, చేసిన ధర్నాల్లో ఉన్నవే అవి.

చదువుల గుడిలో పనివాడికి చోటుందా?

యూనివర్సిటీ పనివారు అసలు కార్మికులేనా అన్నది ఈ దేశంలో పెద్ద కోర్టు వరకు వెళ్ళిన తగాదా. ఆ కథ ప్రతి అటెండరుకూ తెలియాలి గనుక కొంచెం వివరంగా చెబుతాం.

ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థినుల సౌకర్యం కోసం బస్సులు నడిపేది. నష్టం వస్తోందని వాటిని ఆపేసి డ్రైవర్లను తీసేసింది. రామ్‌నాథ్ అనే డ్రైవరు, ఆయన తోటి మరొకరు తమకు చట్టప్రకారం రావలసిన పరిహారం ఇవ్వలేదని ట్రిబ్యునల్‌కు వెళ్ళి గెలిచారు. యూనివర్సిటీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1963లో కోర్టు యూనివర్సిటీ పక్షాన తీర్పు చెప్పింది. చదువు చెప్పడం పరిశ్రమ కాదనీ, ఆ పనిలో కింది సిబ్బంది పాత్ర చాలా స్వల్పమనీ, అందుచేత పారిశ్రామిక వివాదాల చట్టం యూనివర్సిటీకి వర్తించదనీ ఆ తీర్పు సారాంశం. బస్సు నడిపినవాడు డ్రైవరే, అదే బస్సు ఏ మిల్లులోనో నడిపి ఉంటే అతనికి హక్కులుండేవి. యూనివర్సిటీ గేటు లోపల నడిపినందుకు లేకుండా పోయాయి. చదువు గొప్పదే గాని, ఆ గొప్పతనం డ్రైవరు నోటి దగ్గర కూడు తీయడానికి పనికొచ్చిందన్నది మాకు మింగుడుపడని విషయం.

పదిహేనేళ్ళ తరువాత, 1978 ఫిబ్రవరిలో, బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాటను తిరగదోడింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన ప్రధాన తీర్పు ప్రకారం, యజమాని-ఉద్యోగి సహకారంతో ఒక పద్ధతి ప్రకారం ప్రజల అవసరాలు తీర్చే సేవ జరుగుతుంటే అది పరిశ్రమే. లాభం ఉందా లేదా అన్నది అనవసరం. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు కూడా దీని కిందికే వచ్చాయి. ఉపాధ్యాయులు మాత్రం ఈ చట్టం లెక్కలో కార్మికులు కారని 1988లో మరో తీర్పు వచ్చింది. అంటే చిత్రం చూడండి, క్లాసులో పాఠం చెప్పే ప్రొఫెసరు వెళ్ళలేని తలుపు నుండి ఆ క్లాసు ఊడ్చే మనిషి లోపలికి వెళ్ళవచ్చు! 1978 నాటి తీర్పును మళ్ళీ పరిశీలించాలని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా పరిశ్రమ అనే మాటకు కొత్త నిర్వచనం ఇచ్చి, ధర్మకార్యం, సమాజసేవ, పరోపకారం చేసే సంస్థలు నడిపే వాటిని మినహాయించింది. మన జిల్లాల్లో ట్రస్టుల పేరుతో నడిచే కాలేజీలు ఎన్నో మీకు తెలుసు. ఆ మినహాయింపు చాటుకు వెళ్ళాలని చూసేవాళ్ళు రేపు ఉండరని మేము అనుకోవడం లేదు. ఇలాంటి వాదన వచ్చినప్పుడు ఒంటరి స్వీపరు లాయరును పెట్టుకుని ఎదుర్కోగలడా? రామ్‌నాథ్ లాంటి ఒకరిద్దరు ఎదురునిలిచారు. అందరూ నిలవలేరు.

సంఘాల రక్షణ కూడా ఇలా దెబ్బ తిన్నాకే వచ్చింది. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1918లో, బి.పి. వాడియా మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించారు. మిల్లు యజమానులు సంఘ నాయకుల మీద హైకోర్టులో దావా వేసి నిషేధపు ఉత్తర్వు తెచ్చారు. సంఘం పెట్టడమే నేరమైతే ఎలా అన్న ఆందోళనలోంచి ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో చేసిన ప్రయత్నాల ఫలితమే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. రిజిస్టరైన సంఘం న్యాయమైన కోర్కెలకు పోరాడితే దాని మీద కుట్ర కేసు, నష్టపరిహారపు దావా వేయకుండా ఆ చట్టం అడ్డుకుంది. ఇప్పుడు ఆ చట్టం కొత్త కోడ్‌లో కలిసిపోయింది. ఆ రక్షణ మాత్రం కొనసాగుతోంది.

తేదీ ఉన్నవాడు, తేదీ లేనివాడు

మా అభిప్రాయంలో సంఘం వల్ల చిన్న ఉద్యోగికి కలిగే అన్నిటికన్నా పెద్ద లాభం జీతం పెంపు కాదు. "ఈ మనిషి ఫలానా తేదీ నుండి ఇక్కడ పని చేస్తున్నాడు" అని చెప్పే సాక్ష్యం.

పాతవాళ్ళకు 25-11-1993 అనే తేదీ బాగా గుర్తుంటుంది. రోజుకూలి నియామకాలను ఆపడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994లో రెండవ నంబరు చట్టం తెచ్చింది. అది ప్రభుత్వ శాఖలతో ఆగలేదు, ఇతర ప్రభుత్వ సంస్థలకూ వర్తించింది. ఆ వెంటనే 1994 ఏప్రిల్ 22న జి.ఓ. 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళ ఎడతెగని సర్వీసు పూర్తి చేసి, ఆ రోజున పనిలో ఉన్న రోజుకూలీలను, ఎన్.ఎం.ఆర్.లను, ఖాళీలూ అర్హతలూ ఉంటే క్రమబద్ధం చేయవచ్చన్నది దాని సారం. 1997 జూలైలో జి.ఓ. 112 వచ్చి పార్ట్‌టైం వాళ్ళకు పదేళ్ళ సర్వీసు షరతుతో అవకాశం ఇచ్చింది. హాస్టళ్ళలో కామాటీలుగా, వాచ్‌మన్లుగా పార్ట్‌టైం చేసిన వారి ఆశలన్నీ ఈ జి.ఓ. మీదే ఉండేవి.

వినడానికి ఇది తేలిక. నిరూపించడం దగ్గరే కష్టం. మస్టరు రోల్స్ చెదలు పట్టి ఉంటాయి. జీతం ఓచర్ల మీద ఒక నెల ఒక పేరు, మరో నెల ఇంకో స్పెల్లింగు. పాత ఆఫీసరు బదిలీ అయిపోయాడు, కొత్తాయనకు తెలియదు. చదువురాని మనిషి దగ్గర వేలిముద్ర తప్ప మరో కాగితం ఉండదు. సంఘం బతికి ఉన్న చోట ఏటేటా సభ్యత్వ జాబితా ఉంటుంది, చందా రశీదు మీద తేదీ ఉంటుంది, రిజిస్ట్రారుకు ఇచ్చిన వినతిపత్రం ప్రతి మీద ఆఫీసు ముద్ర ఉంటుంది, అందులో పేర్లూ ఉంటాయి. చందా రశీదు ఒక్కటే సర్వీసును నిరూపించదన్నది నిజమే. అయితే ఆఫీసు రికార్డు వెతికించడానికి అదే మొదటి ఆధారం అవుతుంది. పదిమంది పేర్లతో సీనియారిటీ జాబితా అడిగితే సెక్షన్ గుమాస్తా బీరువా తెరుస్తాడు. ఒక్కడు అడిగితే "రేపు రా" అంటాడు.

తరువాతి కాలంలో తలుపులు ఇంకా ఇరుకయ్యాయి. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పద్ధతి ప్రకారం ఎంపిక కాని తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కుగా రాదని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక చాలా ఆఫీసులు దాన్నే గొడుగులా పట్టుకున్నాయి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో మాత్రం తాత్కాలిక ఉద్యోగులైనా అదే పని చేస్తే సమాన వేతనపు సూత్రం వర్తిస్తుందని అదే కోర్టు అన్నది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, కేంద్ర జలసంఘం ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి ఊడ్చే పని చేసిన ఆడవాళ్ళను, ఒక తోటమాలిని క్రమబద్ధం చేయమని ఆదేశించింది. ఉమాదేవి తీర్పును దీర్ఘకాలం పని చేసినవారి మీద ఆయుధంగా వాడకూడదని కూడా చెప్పింది. ఈ మూడు తీర్పులనూ చేతిలో పట్టుకుని వైస్ ఛాన్సలర్ గది ముందు నిలబడాలంటే ఎవరో ఒకరు వాటిని చదివి ఉండాలి గదా! సంఘం ఆఫీసులో ఆ పని చేసేవాడు ఒకడు ఉంటాడు.

గెలుపు ప్రతిసారీ పూర్తిగా రాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ కాంట్రాక్టు ఉద్యోగుల సంఘం ఏళ్ళ పాటు పోరాడితే, 2021లో సుప్రీంకోర్టు క్రమబద్ధీకరణ ఇవ్వలేదు. నియామక పరీక్షలో వయసు సడలింపు, చేసిన సర్వీసుకు అదనపు మార్కులు ఇవ్వమన్నది. అరకొర గెలుపే. సంఘం లేకపోతే కొత్త కుర్రాళ్ళతో సమానంగా పరీక్ష హాల్లో కూర్చోవడానికి కూడా వయసు దాటిపోయేది.

జీతం చీటీ చదవడం

ఇప్పుడు నెలసరి విషయానికి వద్దాం. పదిహేను వేల జీతం అనుకోండి. పి.ఎఫ్. కింద 12 శాతం, అంటే 1,800 రూపాయలు కోస్తారు. యజమాని అంతే కలపాలి. అందులో 1,250 పెన్షను ఖాతాకు, 550 మన ఖాతాకు వెళతాయి. ఇ.ఎస్.ఐ. కింద మన వంతు 0.75 శాతం, సుమారు 113 రూపాయలు. యజమాని వంతు 3.25 శాతం, సుమారు 488. ఇవన్నీ చట్టం. కోసిన డబ్బు నిజంగా కట్టారా అన్నదే ప్రశ్న. కోత కనిపించి జమ కనిపించని కేసులు మేము స్వయంగా చూశాం. ఒక ఏజెన్సీ వ్యవహారంలో మా పాత మిత్రుడొకడికి ఏడాదిపైగా అలాగే జరిగింది. జబ్బు చేసి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళేదాకా అతనికి సంగతి తెలియలేదు. కంట్రిబ్యూషను సరిగా ఉంటే జబ్బు సెలవులో జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. లేకపోతే మందు బిళ్ళ కూడా రాదు. పి.ఎఫ్. సభ్యుడు సర్వీసులో చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు బీమా ఉంటుంది. ఈ మాట వినని భార్యాబిడ్డలు ఎంతమందో!

ఏజెన్సీ కట్టకపోతే దిక్కెవరు? "మాకు సంబంధం లేదు, కాంట్రాక్టరును అడుగు" అని ఆఫీసు అంటుంది. అది తప్పు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమానే ఇచ్చి, తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది, కొత్త కోడ్ కూడా అదే చెబుతోంది. ఈ ఒక్క నిబంధన తెలిసిన సంఘ కార్యదర్శి ఒకడుంటే మూడు నెలల బకాయి నెలలో వస్తుంది.

గ్రాట్యుటీ సంగతి ఇంకా విచిత్రం. ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన, నెలను 26 రోజులుగా తీసుకుంటే, పదిహేను వేల జీతానికి ఏడాదికి సుమారు 8,650 రూపాయలు. పదేళ్ళకు ఎనభై ఆరువేల పైమాటే. అయితే పాత చట్టంలో అయిదేళ్ళ ఎడతెగని సర్వీసు కావాలి. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త నియామకం చూపిస్తే ఆ అయిదేళ్ళు ఎన్నటికీ నిండవు. మనిషి అదే బల్ల దగ్గర, అదే స్టూలు మీద పన్నెండేళ్ళు కూర్చుంటాడు, కాగితం మీద మాత్రం అతను ఎప్పుడూ కొత్తవాడే. కొత్త సామాజిక భద్రత కోడ్ నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ దారి తెరిచింది. ఆ నిర్ణీత కాలపు ఉద్యోగి నిర్వచనంలోకి తమ వాళ్ళను తెప్పించడం ఇప్పుడు సంఘాల ముందున్న పని. హక్కులు ఎగ్గొట్టడానికే మనుషుల్ని ఏళ్ళ తరబడి తాత్కాలికంగా ఉంచడం అన్యాయపు కార్మిక విధానమని పాత చట్టమూ కొత్త కోడూ రెండూ చెబుతున్నాయి. సంఘంలో చేరినందుకు బెదిరించడం కూడా ఆ జాబితాలోనే ఉంది.

మెమో, ఛార్జిషీటు, సస్పెన్షన్ లాంటివి వచ్చినప్పుడు విచారణలో, లేబర్ ఆఫీసులో, ట్రిబ్యునల్లో సభ్యుడి తరఫున సంఘం పదాధికారి మాట్లాడవచ్చు. అక్కడ లాయరును పెట్టాలంటే అవతలి పక్షం అంగీకారం, అధికారి అనుమతి కావాలి. సంఘం వాడికి ఆ అడ్డు లేదు. ఫీజు లేకుండా దొరికే మనిషి అన్నమాట.

గుంతలోకి దిగమన్నప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. యూనివర్సిటీ హాస్టళ్ళలో సెప్టిక్ ట్యాంకు నిండిపోతుంది. మురుగు కాలువ పూడిపోతుంది. వార్డెనుకు తొందర, పిల్లలకు ఇబ్బంది. ఎవరిని పిలుస్తారో మనందరికీ తెలుసు, ఏ పేట నుండి వచ్చినవాడిని పిలుస్తారో కూడా తెలుసు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. 2014లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణానికి 10 లక్షల పరిహారం అన్నది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం చచ్చాక వచ్చేది. దిగకముందు "నేను దిగను" అనగలగాలి. ఏజెన్సీ స్వీపరు ఒక్కడే ఆ మాట అంటే మర్నాడు పని ఉండదు. అదే మాట సంఘం లెటర్‌హెడ్ మీద వస్తే యంత్రం తెప్పిస్తారు. ప్రాణం నిలబెట్టిన చందా అంటే ఇదే.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోల్ మీద పనిచేసే స్త్రీలకు ప్రసూతి సెలవు లేదని యాజమాన్యం వాదిస్తే, వాళ్ళ తరఫున సంఘమే వివాదం లేవదీసింది. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు వాళ్ళు రోజుకూలీలైనా ప్రసూతి ప్రయోజనాలకు అర్హులేనని తీర్పు చెప్పింది. నిండుగర్భంతో రోడ్డు ఊడుస్తూ ఏ ఒక్క స్త్రీ ఆ కేసు నడపగలిగేది కాదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఉండే అంతర్గత కమిటీకి ఏజెన్సీ స్త్రీలు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టించడం కూడా సంఘం చేయవలసిన పనే.

ఇంతవరకు మంచి చెప్పాం. సంఘాల గురించి చేదు నిజాలు కూడా మాట్లాడుకోకపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్లే. ఒకే ఆఫీసులో నాలుగు సంఘాలు, నాలుగు జెండాలు, ఒకరి మీద ఒకరు కరపత్రాలు. పర్మినెంటు వాళ్ళ సంఘం ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు సభ్యత్వమే ఇవ్వదు. పి.ఆర్.సి. వచ్చేదాకా కలిసి నినాదాలిస్తారు, వచ్చాక ఎవరి దారి వారిదే. వీటికి తోడు కులం. డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతి ఎప్పుడో చెప్పారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణీయమూ పెట్టుబడిదారీ విధానమూ రెండూ కార్మికుడికి శత్రువులేనన్నారు. మిల్లుల్లో ఎక్కువ కూలి వచ్చే నేత విభాగంలోకి అంటరానివారిని రానివ్వని సంగతీ, రైల్వేలో పోర్టరు స్టేషను మాస్టరు ఇంటి పని కూడా చేయాలి గనుక ఆ ఉద్యోగం వాళ్ళకు దక్కని సంగతీ ఎత్తి చూపారు. తోటి కార్మికుల సంఘాలు దీన్ని పట్టించుకోలేదన్నది ఆయన ఆవేదన. అలాగని ఆయన సంఘాలను వదిలేయమనలేదు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938 నవంబరు 7న బొంబాయిలో కార్మిక వ్యతిరేక బిల్లు మీద జరిగిన సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నిలబడ్డారు. వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండగా, యజమానులు సంఘాన్ని తప్పనిసరిగా గుర్తించాలనే సవరణ బిల్లును 1943లో ప్రవేశపెట్టారు. ఆ సవరణ 1947లో చట్టమైంది గాని అమలులోకి రానే లేదు. మన గోడ మీద ఫోటోలో ఉన్న ఆయన రాజ్యాంగం రాశారని అందరం చెబుతాం. సంఘాల గుర్తింపు కోసం బిల్లు తెచ్చారని చెప్పేవారు తక్కువ.

అందుకని సంఘంలో చేరేముందు అడగవలసింది అడగాలి. కార్యవర్గంలో స్వీపర్లు ఎంతమంది? ఆడవాళ్ళు ఎంతమంది? మీటింగులో కుర్చీల మీద ఎవరు కూర్చుంటున్నారు, టీ గ్లాసులు ఎవరు కడుగుతున్నారు? ఏటా జమాఖర్చులు చదువుతున్నారా? జవాబు బాగాలేకపోతే బయట నిలబడి తిట్టడం కన్నా లోపలికి వెళ్ళి పోటీ చేయడం మేలని మేము అనుకుంటున్నాం.

కొత్త సంఘం పెట్టాలన్నా అసాధ్యం కాదు. రిజిస్ట్రేషనుకు ఏడుగురు దరఖాస్తు చేయాలి. సంస్థలోని కార్మికుల్లో పదిశాతం గాని, వందమంది గాని, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. కొత్త కోడ్ ప్రకారం 51 శాతం మంది సభ్యులున్న సంఘానికే యాజమాన్యంతో చర్చలు జరిపే ప్రధాన హోదా దక్కుతుంది. అంత బలం ఎవరికీ లేకపోతే ఇరవై శాతం దాటిన సంఘాలతో చర్చల మండలి ఏర్పాటవుతుంది. అంటే నాలుగు జెండాలుగా చీలిన చోట ఇక మాట చెల్లడం కష్టం. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఇది తెలియక ఆవేశంలో మూకుమ్మడి లీవు పెట్టినవాళ్ళు చిక్కుల్లో పడతారు. కాబట్టి కొత్త కోడ్ వచ్చాక సంఘం అవసరం తగ్గలేదు, సంఘంలో చదువుకున్నవాడి అవసరం పెరిగింది.

ఆ చదువుకున్నవాడు ఎవరు? మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళే కావచ్చు. 2001లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వీపర్లకూ మెస్ పనివారికీ బతకగలిగే జీతం ఇవ్వాలని పరిపాలనా భవనంలో 21 రోజులు బైఠాయించారు. ఆ తరువాతి ఏడాది జీతాలు పెరిగాయి. 2013లో లండన్ విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు స్వీపర్లు జబ్బు సెలవు, వార్షిక సెలవు, పెన్షను అనే మూడు కోర్కెలతో సమ్మె చేసి మొదటి రెండింట్లో మెరుగుదల సాధించారు. వాళ్ళలో చాలామంది లాటిన్ అమెరికా నుండి వలస వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్ళ పక్కన విద్యార్థులు నిలబడ్డారు.

మనం బైఠాయింపుల దాకా పోనక్కరలేదు. ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు యూనివర్సిటీలోనో కాలేజీలోనో పనిచేసే పిన్నిని, బాబాయిని వాళ్ళ జీతం చీటీ చూపించమనండి. యు.ఎ.ఎన్. నంబరు అడిగి పి.ఎఫ్. పాస్‌బుక్కు సెల్‌ఫోన్లో తెరిచి ఏ నెల జమ అయిందో, ఏ నెల కాలేదో చదివి వినిపించండి. ఆధార్‌లో పేరూ పి.ఎఫ్.లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ముందూ వెనకా అయితేనే క్లెయిము ఆగిపోతుంది. నామినీ పేరు నింపి ఉందో లేదో చూడండి. తేడా కనిపిస్తే అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని, దాని జిరాక్సు సంఘం ఫైల్లో పెట్టించండి.